మైల్డ్, ఎవరికి?

2022 జనవరి. మా పెద్దమ్మకి లింఫోమాకి ట్రీట్‌మెంట్ నడుస్తోంది. ఒమిక్రాన్ అప్పుడే ఊపందుకుంది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అందరిదీ ఒకటే మాట: "ఇది మైల్డ్, జలుబులాంటిదే." పెద్దమ్మ ఒక్కతే అడిగింది, "ఎవరికిరా?" అని. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

తర్వాత వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే చైనా దగ్గర తేలాను. 2020 ఫిబ్రవరిలో అక్కడి డాక్టర్లు 1590 మంది కోవిడ్ రోగుల లెక్క లాన్సెట్ ఆంకాలజీలో ప్రచురించారు. క్యాన్సర్ ఉన్నవాళ్ళలో 39 శాతం మందికి పరిస్థితి విషమించింది, మిగతావాళ్ళలో 8 శాతం మందికే. అయితే ఆ క్యాన్సర్ రోగులు మొత్తం 18 మందే! అంత కొద్దిమందిని చూసి ఏం తేలుస్తామని అప్పుడే కొందరు డాక్టర్లు అడిగారు, న్యాయంగానే.

నన్ను ఎక్కువగా ఆపేసింది మాత్రం కేంబ్రిడ్జ్ కేసు. డెబ్బైల్లో ఉన్న ఒక పెద్దాయన. లింఫోమాకి రిటుక్సిమాబ్ తీసుకున్నాడు. ఆ మందు క్యాన్సర్ కణాలతోపాటు యాంటీబాడీలు తయారుచేసే వ్యవస్థనీ ఊడ్చేస్తుంది. అందుకే 2020లో సోకిన కోవిడ్ ఆయన ఒంట్లో 101 రోజులు ఉండిపోయింది. రవీంద్ర గుప్తా బృందం ఆ వైరస్ జన్యుక్రమాన్ని 23 సార్లు చదివింది. మొదటి రెండు నెలలు పెద్ద మార్పు లేదు. కోలుకున్నవాళ్ళ ప్లాస్మా ఎక్కించాక కొత్త మ్యుటేషన్లున్న రకం పైకొచ్చింది. ప్లాస్మా ప్రభావం తగ్గగానే వెనక్కి తగ్గింది, మళ్ళీ ఎక్కిస్తే మళ్ళీ వచ్చింది. చివరికి ఆయన బతకలేదు. ఆ మార్పుల్లో ఒకటి ఆల్ఫా వేరియంట్‌లోనూ ఉంది. అలాగని ఆల్ఫా ఆయన నుంచే పుట్టిందని కాదు. వేరియంట్ అంటే బయటినుంచి వచ్చి పడేదే అనుకునేవాణ్ణి. బలహీనమైన ఒంట్లో తీరిగ్గా తయారవచ్చని అప్పుడే తెలిసింది.

ఇక ఒమిక్రాన్. యూరప్ ఆస్పత్రుల ఆన్‌కోవిడ్ రిజిస్ట్రీ 2022లో చెప్పిందాని ప్రకారం క్యాన్సర్ రోగుల్లోనూ మొత్తంమీద మరణాలు తగ్గాయి. కానీ టీకా వేసుకోనివాళ్ళని విడిగా చూస్తే, వాళ్ళ పరిస్థితి ఆల్ఫా, డెల్టా కాలంలో టీకా లేనివాళ్ళ పరిస్థితికి దగ్గరగానే ఉంది. అంటే మనం మైల్డ్ అన్నదాంట్లో వైరస్ వాటా ఎంతో, టీకా వాటా ఎంతో! మా ఉద్యోగాల్లో సగటు రెస్పాన్స్ టైమ్ చూపించి సర్వర్ బాగుందంటే ఎవరూ ఒప్పుకోరు, చివరి ఒక్క శాతం యూజర్ల సంగతేంటని అడుగుతారు. వాట్సాప్‌లో నేను అడగలేదు.

మరి టీకా వేసినా యాంటీబాడీలు రానివాళ్ళ సంగతి? వాళ్ళకోసం ల్యాబ్‌లో తయారైన యాంటీబాడీల ఇంజెక్షన్ ఎవుషెల్డ్‌కి 2021 డిసెంబర్‌లో అమెరికా అత్యవసర అనుమతిచ్చింది. 2023 జనవరికల్లా ఆ అనుమతిని ఆపేసింది. అప్పటికి తిరుగుతున్న ఒమిక్రాన్ సంతతిలో చాలావాటి మీద ఆ మందు పనిచెయ్యడం మానేసింది. మనకి మైల్డ్ అయిన వేరియంటే వాళ్ళ చేతిలోని గొడుగు లాక్కుపోయింది.

పెద్దమ్మ ఇప్పటికీ పెళ్ళికెళ్తే మాస్క్ తియ్యదు. భోజనానికి మాత్రం మొదటి బంతిలోనే కూర్చుంటుంది, జనం పెరిగేలోపు లేచొచ్చేస్తుంది.