శ్రవ్యము దృశ్యమగునపుడు పాత్రపరిణామము: ‘తమస్’

శ్రవ్యకథ దృశ్యరూపము దాల్చునపుడు పాత్రలు యథాతథముగ నిలువవు. ఇది నేఁటి వింత గాదు. భారతకథలోని దుష్యంతుఁడు శకుంతలను లోకాపవాదభీతిచే నెఱుఁగనట్లు పలికెను. కాళిదాసు దుర్వాసశాపమును గల్పించి యాతని దోషమును దొలఁగించెను. రసమునకు విరుద్ధమగు నితివృత్తాంశమును విడిచి వేఱుగఁ గల్పింపవచ్చునని యానందవర్ధనుఁ డంగీకరించెను. నవలలు దూరదర్శనమున కెక్కిన కాలమున నీ సూత్ర మెట్లు వర్తించినదో యొక్క యుదాహరణముచే విచారింతము.

భీష్మ సాహ్నీ హిందీలో రచించిన ‘తమస్’ నవల 1975లో సాహిత్య అకాడమీ పురస్కారము నందినది. 1947లో విభజనమునకు ముందు పంజాబునఁ జెలరేఁగిన మతకలహములు దాని వస్తువు. గోవింద్ నిహలానీ దానికి దృశ్యరూప మొసఁగఁగా 1988లో దూరదర్శన్ ప్రసారము చేసెను.

నవలలోఁ జర్మకారుఁడగు నత్థూ, పశువైద్యునకుఁ గావలయునను మురాద్ అలీ మాట నమ్మి, సొమ్మునకై యొక పందిని జంపును. మఱునాఁడది మసీదు మెట్లపైఁ గానవచ్చును, ఊరు రగులుకొనును. వాఁడు లోలోనఁ గుములును. కాని నవలాకారుఁడు వానినే వెంబడింపఁడు. కాంగ్రెసువారు, యువకసంఘము, గురుద్వారమునఁ జేరిన సిక్కులు, చరిత్రపండితుఁడై యుండియుఁ గలహము నాపఁబూనని రిచర్డను నాంగ్లాధికారి, వీరందఱు వరుసగఁ గథాభారము వహింతురు. నత్థూ మరణము వర్ణితము గాదు. తుదకు శాంతిప్రచారపు బండిలో మురాద్ అలీయే నినాదములు చేయుచుండును. వాని నెఱుఁగఁదగిన నత్థూ యప్పటికి జీవించి లేఁడు.

చిత్రమున నట్లు గాదు. నత్థూ ముసలితల్లిని వీఁపున మోయుచు, గర్భిణియగు భార్య కర్మోతో నూరు విడుచును. త్రోవలోఁ దల్లి మరణించును. నవలలో వేఱుగ నడచిన హర్నామ్ సింగ్ దంపతుల కథ వీరి కథతోఁ గలియును. శరణార్థిశిబిరమునఁ గర్మో భర్త శవమును జూచును. శిశుజననముతోఁ జిత్రము ముగియును. హర్నామ్ సింగ్ పాత్రను సాహ్నీయే ధరించెను గనుక నీ మార్పు గ్రంథకర్త కనభిమతమని చెప్పరాదు.

కారణము దుర్గ్రహము గాదు. నవలలోఁ బెక్కు వృత్తములను గూర్చుసూత్రము కథకుని వాక్కు. దృశ్యమున నా వాక్కు లేదు. పలుదినములు చూచు ప్రేక్షకునకు నిలుకడయగు నొక ముఖము కావలయును. కావున నత్థూ నిమిత్తమాత్రుఁడుగ నుండక నాయకుఁడయ్యెను. కాళిదాసు నాయకుని దోషమును దొలఁగింపఁగా, నిహలానీ దోషమును నిలిపి దాని వేదనను బెంచెను.

ఇందు లాభమును గలదు, నష్టమును గలదు. కరుణము గాఢమయ్యెను. కాని పేదవాని చావు కథకునకే యొక్క మాటతో సరిపోవుటలోని దారుణవ్యంగ్యము లోపించినది. సమాజమే నాయకముగాఁ గల నవల, యొక్క కుటుంబముయొక్క విషాదగాథయైనది. కావున దృశ్యము నవలకుఁ బ్రతినిధి గాఁజాలదు. దానిపై రచితమైన వేఱొక కావ్యము. విద్యార్థులకు రెంటిని బ్రక్కప్రక్క నుంచి బోధించుటయే యుచితము.