సీడు పత్తి: కొనేవాడి ధర, వాడ పిల్లల కూలి

ఆదోని చరిత్ర అంటే పత్తి మార్కెట్టు, ఎమ్మిగనూరు చరిత్ర అంటే మగ్గాలు అని రాస్తూ వచ్చారు. ఈ రెండింటికీ ముందు విత్తనం ఉంది. అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో రాయలేదు. మేం చూడదలచుకున్నది ఆ చేతుల్నే.

1970లో గుజరాత్‌లో హెచ్-4 సంకర రకం వచ్చాక పత్తి విత్తనం కంపెనీ సరుకయింది. సాయంత్రం మొగ్గ గిల్లి మగ భాగం తీసెయ్యాలి. మర్నాడు పొద్దున మగ పూలు తెచ్చి రుద్దాలి. ప్రతి పువ్వుకూ ఇదే పని, రోజూ, నెలల తరబడి. 1990లలో కర్నూలు జిల్లా చేలల్లో ఈ ‘క్రాసింగు’కు వంగింది ఎక్కువగా ఆడపిల్లలే. దళితవాడల పిల్లలు, వెనకబడిన కులాల పిల్లలు. అమ్మానాన్నలకు ముందే అడ్వాన్సు ఇచ్చి, సీజనంతా కట్టేసుకునేవాళ్లు.

చిన్నపిల్లల వేళ్లు సన్నం, పని నాజూకు అని సమర్థించుకున్నారు. ఆసాముల పిల్లల వేళ్లూ సన్నమేగదా! అసలు సంగతి లెక్కలో ఉంది. కంపెనీకీ రైతుకీ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. మూల విత్తనం, అప్పు అతని ద్వారానే వస్తాయి, గింజలు అతనికే పోవాలి. ధర కంపెనీ ముందే ఖరారు చేస్తుంది, పరీక్షలో తప్పిన సరుకు తిప్పి పంపుతుంది. సాగు ఖర్చులో పెద్ద భాగం కూలిదే. రైతు కంపెనీతో బేరమాడలేడు, ఎరువుల షాపులోనూ ఆడలేడు. అతని బేరం చెల్లేది వాడలోనే.

దావులూరి వెంకటేశ్వర్లు 2003 అధ్యయనం బహుళజాతి కంపెనీల పేర్లతో సహా దీన్ని బయటపెట్టింది. పొలాలు మావి కావు, కూలీలు మావాళ్లు కారు అనేది కంపెనీల వాదన. నాణ్యత చూసేందుకు మాత్రం వాళ్ల మనుషులు అవే గట్ల మీద తిరిగేవాళ్లు. కంపెనీ ఇచ్చే ధరకు పెద్దవాళ్ల కూలి గిట్టదని 2005లో మరో నివేదిక లెక్కగట్టి చూపింది. ఆ తర్వాత బేయర్, మోన్‌శాంటో పిల్లల్ని పెట్టుకోని రైతుకు 5 శాతం అదనంగా ఇస్తామన్నాయి. వాళ్ల ఒప్పందపు చేలల్లో పిల్లలు తగ్గారు. కొనేవాడి ధర చేలో ఎవరు వంగాలో తేల్చగలదన్న మాట.

1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం కూడా నూలిచ్చి గుడ్డ తీసుకునేది. పైకి అదే గొలుసు. కాకపోతే నేసేవాడు ఆ సంఘంలో సభ్యుడు. సీడు పత్తి చేలో పిల్లకు సంఘం లేదు, రసీదు లేదు. ఆ 5 శాతమూ రైతు చేతికే, ఆ ఏటి పంటకే. అప్పటికే బడి మాని చేలో పెరిగిన ఆడపిల్లల ఏళ్లకు అందులో పైసా లేదు.