పల్నాడు సున్నపురాయి: శాపం పెట్టిందెవరు?

చమురు, ఖనిజాలు దండిగా ఉన్న దేశాల్లో జనం పేదోళ్లుగానే ఎందుకు మిగులుతున్నారు? ఈ పరిస్థితిని రిచర్డ్ ఆటీ 1993లో 'వనరుల శాపం' అన్నాడు. నైజీరియా గురించి ఆ మాట చదివినప్పుడల్లా మాకు పిడుగురాళ్ల గుర్తొస్తుంది. పల్నాడులో చమురు లేదు, సున్నపురాయి ఉంది. దాన్ని కాల్చే బొగ్గు మాత్రం బయటినుంచే రావాలి.

పల్నాడు చరిత్ర అంటే వీరుల చరిత్ర అంటారు. కారెంపూడి యుద్ధంలో మాల కన్నమదాసును, పుల్లరి సత్యాగ్రహంలో 1922 ఫిబ్రవరి 22న కాల్పులకు బలైన కన్నెగంటి హనుమంతును తలుచుకుంటాం. తలుచుకోవాల్సిందే. అయితే రాయి కొట్టినోళ్ల చరిత్ర ఏ పుస్తకంలో ఉంది? ఊరి పక్క అడవి ఎవరిదని ఆనాడు పుల్లరి పోరాటం అడిగింది. ఊరి కింద రాయి ఎవరిదని మేం అడుగుతున్నాం.

1957లో గనుల చట్టం వచ్చింది. 1958లో మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది. చట్టం రాయికి కూడా ఎక్కువ తక్కువలు పెట్టింది. సిమెంటుకు పోతే పెద్ద ఖనిజం, ఇళ్లు కట్టే సున్నం కోసం బట్టీలో కాలితే చిన్న ఖనిజం అనే తేడా 2025 దాకా నడిచింది. 2014లో సిమెంటు రాయికి టన్నుకు 80 రూపాయల రాయల్టీ నిర్ణయించారు. అది రాష్ట్ర ఖజానాకు పోతుంది. గనుల వల్ల నష్టపోయినోళ్ల కోసం జిల్లా ఖనిజ నిధి 2015లో గానీ రాలేదు. పాత లీజుదారులు అందులో రాయల్టీ మీద 30 శాతం, అంటే ఆ లెక్కన టన్నుకు 24 రూపాయలు కట్టాలి. వేలంలో వచ్చిన కొత్త లీజులకు 10 శాతమే, అంటే 8 రూపాయలు.

భూమి పోయినా ఇదే తీరు. 1894 భూసేకరణ చట్టం భూమి మీద హక్కున్నోళ్లకే పరిహారం ఇచ్చింది. ఆ చేలో కూలి చేసి బతికే మాల మాదిగలు దాని లెక్కలోకే రాలేదు. వాళ్ల బతుకుతెరువు పోవడమూ నష్టమేనని ఒప్పుకోవడానికి 2013 చట్టం దాకా ఆగాల్సొచ్చింది.

ఇక బట్టీ సంగతి. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి పూర్తిగా కాలితే 56 కిలోల సున్నం మిగులుతుంది. 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాల్లో కలుస్తుంది. బొగ్గు పొగ దానికి అదనం. సున్నం లారీ ఎక్కిపోతుంది. పొగ, దుమ్ము బట్టీ కాడ పనిచేసే ఆడామగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రాయి మనది కాదు, బొగ్గు మనది కాదు, దగ్గు మాత్రం మనది!

కాబట్టి శాపం రాయిలో లేదు. భూమి ఎవరి పేరున ఉంది, లీజు ఎవరి చేతిలో ఉంది, కూలి ఏ వాడనుంచి వస్తున్నాడు అనే మూడు లెక్కల్లో ఉంది. బొగ్గు మానేసి రేపు ఇంకో ఇంధనం తెచ్చినా ఈ లెక్కలు మారకపోతే మన బతుకు మారదు. 2022లో పల్నాడు జిల్లా అయింది. ఖనిజ నిధి లెక్కల్ని నరసరావుపేట ఆఫీసు గదుల్లో కాదు, వాడవాడలో గ్రామసభ పెట్టి పైకి చదవాలి. మన చరిత్ర రాయడం అక్కడినుంచే మొదలుపెడదాం.