‘వేద’ అనే క్రియ, దాని సోదరీపదాలు

బ్రాడీపేటలోని మా ఇంట సాయంసంధ్య ముగిసిన పిమ్మట, ఇంజనీరింగు చదువుతున్న ఒక శిష్యుడు ప్రశ్నించాడు: “గురువుగారూ, ఇంగ్లీషులోని ‘విట్’, ‘వైజ్’ పదాలు మన విద్ ధాతువు నుండే పుట్టినవని ప్రవచనంలో సెలవిచ్చారు. అది ఎలా జరిగింది?” సమాధానం కొరకు గ్రంథాలు తిరగవేయగా నా పొరపాటే బయటపడింది.

జ్ఞానార్థకమైన విద్ ధాతువునకు ‘వేత్తి’తోపాటు ‘వేద’ అనే రూపం కూడ కలదు. పాణిని 3.4.83 సూత్రంలో దీనిని వికల్పంగా విధించాడు. ‘వేద’ రూపంలో లిట్టు, అర్థంలో వర్తమానం. చకార, దదర్శ వంటి లిట్ రూపాలలోని ద్విత్వం దీనికి లేదు. ‘చూచితిని, కనుక ఎరుగుదును’ అన్నది దీని ప్రాచీన భావం. ఋషులను మంత్రద్రష్టలనుటలోని ఔచిత్యం ఇక్కడ స్ఫురిస్తుంది.

ఈ వైచిత్రియే జర్మానిక్ భాషలలోనూ ఉన్నది. వాటి మూలభాష లిఖితరూపంలో లభించదు. సోదరభాషలను పోల్చి పండితులు ‘వితనఁ’ అనే క్రియను పునర్నిర్మించారు. ‘ఎరుగుదును’ అనుటకు దాని రూపం ‘వైత్’. ఇదియు రూపంలో భూతకాలం, అర్థంలో వర్తమానం, ద్విత్వరహితం. దశ, ద్వి పదాలకు ఎదురుగా టెన్, టూ నిలిచినట్లే, ఇక్కడి దకారం అక్కడ పరుషమైంది. ఈ వర్ణపరిణామ నియమాన్ని యాకోబ్ గ్రిమ్ 1822లో వివరించాడు.

జర్మనులో ‘విస్సెన్’, ఇంగ్లీషులో విట్, వైజ్, విట్నెస్ ఈ ధాతుకుటుంబంలోనివే. మన బ్రాడీపేట విద్యార్థులు కొనే ‘గైడు’ సైతం జర్మానిక్ నుండి ఫ్రెంచి మీదుగా వచ్చిన జ్ఞాతియే. లాటిను నుండి వచ్చిన ‘వీడియో’ మరొక శాఖకు చెందినది.

అయితే ఇవి ‘వేద’కు సంతానం కావు. సంస్కృతం ప్రాచీనమైన ‘అఇ’ సంధ్యక్షరాన్ని ఏకారంగా కుదించుకొన్నది. గ్రీకు ‘ఓయ్ద’, జర్మానిక్ ‘వైత్’ ఆ రెండు భాగాలనూ నిలుపుకొన్నవి. కుదిసిన రూపం నుండి విడి రూపాలు పుట్టవు. కనుక ఇవి తోబుట్టువులు, తల్లి వేరు. 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో విలియం జోన్స్ సూచించినదీ ఇదే: బహుశః నేడు లేని ఒక ఉమ్మడి మూలం.

ఇందువలన వేదమహిమకు కొరత ఏమున్నది? శిష్యునితో ఇట్లన్నాను: “నాయనా, రాబోయే ప్రవచనంలో నా మాట సరిదిద్దుకొంటాను. తెలిసిన తరువాత కూడ తప్పునే పలికితే, ‘వేద’ అని ఉచ్చరించే అర్హత నాకెక్కడిది?”