శీతకాలపు సెలవులు – విద్యా పంచాంగం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

చలికి బడులు మూయడం వాతావరణానికి సంబంధించిన చిన్న విషయంగా కనిపిస్తుంది. చరిత్రలో వెనక్కి వెళ్లి చూస్తే అది ఇంధనానికీ, రహదారికీ, పరీక్షల పట్టికకూ, పాలనాధికారానికీ ముడిపడిన విషయం. చలిని ముందే లెక్కవేసి విద్యా సంవత్సరాన్ని అమర్చుకున్న ప్రాంతాలకూ, చలి వచ్చాక ఉత్తర్వులు వెలువరించే ప్రాంతాలకూ మధ్య గల తేడాను, కాశ్మీర లోయను ప్రధానంగా తీసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అనధ్యాయం, విద్యా పంచాంగం, చిల్లై కలాన్, శీతగాలులు, పని దినాలు, ఆశ్రమ పాఠశాలలు.

1. ఉపోద్ఘాతం

వాతావరణం బాగా లేనప్పుడు చదువు ఆపాలన్న నియమం భారతదేశంలో ఆధునిక పాఠశాలతో పుట్టినది కాదు. మనుస్మృతి నాలుగవ అధ్యాయంలో అనధ్యాయాల వివరణ విస్తారంగా ఉంది. పిడుగులు, పెనుగాలి, దుమ్ముతో పాటు నీహారం, అంటే పొగమంచు, కమ్మినప్పుడు కూడా వేదాధ్యయనం నిలిపివేయాలని అందులో ఉంది. అదే అధ్యాయం ప్రకారం శ్రావణ లేదా భాద్రపద పూర్ణిమనాడు ఉపాకర్మతో మొదలయ్యే అధ్యయనం నాలుగున్నర నెలలు సాగి, పుష్యంలోనో మాఘ శుద్ధ పాడ్యమినాడో ఉత్సర్జనంతో ముగుస్తుంది. వానల్లో మొదలై చలి ముదిరిన వేళ ముగిసే విద్యా సంవత్సరమిది. ఉత్సర్జనం తరువాత చదువు పూర్తిగా ఆగదు. శుక్లపక్షంలో వేదం, కృష్ణపక్షంలో వేదాంగాలు చదవాలని విధి. అంటే సెలవును శూన్యకాలంగా గాక, చదువు రీతి మారే కాలంగా భావించారు. ఈ ఏర్పాటు ద్విజులకు మాత్రమే పరిమితమైనదన్న సంగతిని మరచిపోరాదు. అయినా ఋతువును బట్టి పంచాంగాన్ని అమర్చే ఆలోచన ఎంత పాతదో ఇది తెలుపుతుంది.

ఆంగ్లేయుల పాలనలో వచ్చిన పాఠశాల ఈ లెక్కను మార్చివేసింది. మద్రాసు రాజధానిలో ఎండ ప్రధాన శత్రువు. వేసవిలో ప్రభుత్వమే ఉదకమండలానికి తరలిపోయేది. నేటికీ తెలుగు రాష్ట్రాల్లో మార్చి నడుమ మొదలయ్యే ఒంటిపూట బడులు, ఆ వెంటనే వచ్చే వేసవి సెలవులు ఆ దక్షిణాది అనుభవానికి కొనసాగింపే. తెలుగు పిల్లవాడికి సెలవులంటే ఎండాకాలం. శ్రీనగర్ పిల్లవాడికి సెలవులంటే మంచు. ఒకే దేశంలోని ఈ రెండు బాల్యాలకు ఒకే పట్టిక సరిపోతుందా అన్న ప్రశ్న ఇటీవలి కాలంలో చర్చకే గాక ప్రభుత్వ ఉత్తర్వులకు కూడా విషయమైంది.

2. నిర్ణయం ఎవరిది?

1888 జనవరి 12న అమెరికా మధ్య మైదానాల్లో, డకోటా, నెబ్రాస్కా ప్రాంతాల్లో, ఉదయం వాతావరణం అసాధారణంగా వెచ్చగా ఉంది. పిల్లలు మందపాటి కోట్లు లేకుండానే బడికి వెళ్లారు. కొద్ది గంటల్లోనే మంచు తుపాను విరుచుకుపడింది. ఆ తుపానులో 235 మంది మరణించారని అంచనా. వారిలో బడి నుంచి ఇంటిదారి పట్టిన పిల్లలు ఎందరో ఉండడం వల్ల దానికి ‘బడిపిల్లల మంచు తుపాను’ అన్న పేరు నిలిచిపోయింది. పిల్లలను పంపివేయాలా, బడిలోనే ఉంచాలా అన్న నిర్ణయం ఒంటరి ఉపాధ్యాయురాలి మీద పడింది. వారిలో చాలామంది స్వయంగా ఇరవై ఏళ్లు నిండని యువతులు. నెబ్రాస్కాలో మినీ ఫ్రీమన్ అనే ఉపాధ్యాయురాలు తన విద్యార్థులను సురక్షితంగా నడిపించుకుపోయి దేశమంతటా పేరు పొందింది. పిల్లలందరినీ ఆమె ఒకే తాడుకు కట్టి నడిపించిందన్న కథ ఎంతవరకు నిజమో తేలలేదు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆనాడు నిర్ణయించే వ్యవస్థ ఏదీ లేదన్నది మాత్రం స్పష్టం.

స్వీడన్‌లో సమస్య మంచు కాదు, ఇంధనం. 1939–40 నాటి చలికాలం అతి కఠినమైనది. యుద్ధం వల్ల దిగుమతి బొగ్గు కరవైంది. 1940 ఫిబ్రవరిలో తరగతి గదులను వేడి చేసే కోక్‌ను పొదుపు చేయడానికి బడులకు సెలవు ఇచ్చారు. జనం దానిని ‘కోక్ సెలవు’ అన్నారు. ఊరికే ఉండే పిల్లలను ఆరుబయట ఆటలకు మళ్లించారు. యుద్ధం ముగిసింది, ఇంధనం దొరికింది, సెలవు మాత్రం ‘ఆటల సెలవు’గా స్థిరపడింది. నేడు గోథెన్‌బర్గ్, స్టాక్‌హోమ్ వంటి ప్రాంతాలకు వేర్వేరు వారాల్లో ఆ సెలవు వస్తుంది. కరవు నుంచి పుట్టిన ఏర్పాటు హక్కుగా మారడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

1977లో అమెరికాలోని ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్‌లో సహజవాయువు కొరత వల్ల ప్రభుత్వ బడులు దాదాపు నెల రోజులు మూతపడ్డాయి. ‘బడులు లేని బడి’ అన్న పేరుతో అక్కడ రేడియో, టెలివిజన్, దినపత్రికల ద్వారా పాఠాలు చెప్పారు. కరోనా కాలపు ఆన్‌లైన్ తరగతికి ఇది మరచిపోయిన పూర్వరూపం. ఆ తరువాతి కాలంలో న్యూయార్క్ నగరంలో మంచు పడితే సెలవుకు బదులు ఇంటి నుంచే తరగతి పెట్టే పద్ధతి వచ్చింది. 2024 ఫిబ్రవరి 13న మంచు కురిసినప్పుడు అసంఖ్యాకంగా పిల్లలు ఒకేసారి లాగిన్ కాబోయి వ్యవస్థే స్తంభించింది. మంచు పడిన రోజు ఆటను పిల్లల నుంచి తీసుకున్నవారు దానికి బదులు చదువునూ ఇవ్వలేకపోయారు.

3. కాశ్మీర లోయ: చలిని లెక్కించిన పంచాంగం

భారతదేశంలో చలిని పంచాంగంలోకి పూర్తిగా ఇముడ్చుకున్న ప్రాంతం కాశ్మీర లోయ. అక్కడి జనవ్యవహారంలో చలికాలానికి మూడు భాగాలు ఉన్నాయి. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజులు ‘చిల్లై కలాన్’, అంటే పెద్ద చలి. తరువాతి ఇరవై రోజులు ‘చిల్లై ఖుర్ద్’, చిన్న చలి. చివరి పది రోజులు ‘చిల్లై బచ్చా’, పిల్ల చలి. తెలుగువారు కార్తెలతో వానను లెక్కించినట్లే లోయవాసులు చలిని ఇలా లెక్కించుకున్నారు.

ఈ డెబ్బై రోజులకు తగిన జీవనవిధానం ఇంటింటా ఉంది. మట్టిపాత్ర చుట్టూ సన్నని పుల్లల అల్లికతో చేసిన ‘కాంగ్రి’ చేత పట్టుకొని తిరిగే కుంపటి. దాన్ని ‘ఫెరన్’ అనే పొడవాటి వదులు అంగీ లోపల ఉంచుకుంటారు. చినారు ఆకుల బొగ్గు అందులో నెమ్మదిగా రాజుకుంటుంది. కాంగ్రి వేడి నిరంతరం తగలడం వల్ల పొట్ట, తొడల చర్మానికి వచ్చే క్యాన్సర్‌ను ఎల్మ్‌స్లీ అనే మిషనరీ వైద్యుడు 1866లోనే నమోదు చేశాడు. సొరకాయ, వంకాయ, టమాటా వంటివాటిని వేసవిలో ముక్కలుగా కోసి ఎండబెట్టి చలికాలానికి దాస్తారు. తెలుగు వంటింటి ఒరుగులకు ఇవి సాటి. ప్రభుత్వం కూడా ఇదే మార్గాన నడిచింది. 1872లో మహారాజా రణబీర్ సింగ్ కాలంలో మొదలైన ‘దర్బారు తరలింపు’ కింద రాజధాని వేసవిలో శ్రీనగర్‌కు, చలికాలంలో జమ్మూకు మారేది. 2021లో ఆగిన ఈ సంప్రదాయాన్ని 2025లో పునరుద్ధరించారు.

బడి ఈ క్రమంలో చక్కగా ఇమిడింది. లోయలో వార్షిక పరీక్షలు అక్టోబరు, నవంబరు నెలల్లో జరిగేవి. డిసెంబరులో మొదలయ్యే సెలవులు ఫిబ్రవరి చివరి వరకు సాగేవి. ఇక్కడ గమనించవలసిన అంశం పరీక్షలకూ సెలవులకూ మధ్య గల వరుస. పాత తరగతి ముగిసి, కొత్త తరగతి పుస్తకాలు చేతికి వచ్చాక చలి వస్తుంది. పెద్ద తరగతుల పిల్లలకు ఆ రెండున్నర నెలలు ట్యూషన్ల కాలం, కొత్త పాఠానికి ముందస్తు పరిచయం చేసుకునే కాలం. అటు జమ్మూ మైదానాల్లోని బడులు వేసవి సెలవులతో, మార్చి పరీక్షలతో వేరే పట్టికను అనుసరించేవి. ఒకే పరిపాలన కింద రెండు పంచాంగాలు దశాబ్దాల పాటు నడిచాయి.

2022లో ఈ వ్యవస్థను మార్చి, లోయకు కూడా మార్చి–ఏప్రిల్ సెషన్ విధించారు. దేశమంతటితో సమానంగా పట్టిక ఉంటే ప్రవేశాలకు, పోటీ పరీక్షలకు అనుకూలమన్నది దాని వెనుక వాదం. ఈ వాదంలో బలం లేకపోలేదు. ఇతర రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో చేరగోరే విద్యార్థికి నవంబరు పరీక్ష తరువాత నెలల తరబడి నిరీక్షణ తప్పేది కాదు. అయితే మార్పు వల్ల సెలవుల స్వభావమే తలకిందులైంది. ఇదివరకు పరీక్ష ముగించుకొని చలిలోకి అడుగుపెట్టిన పిల్లవాడు ఇప్పుడు తలమీద పరీక్ష పెట్టుకొని చలి గడపాలి. మార్చి వచ్చేసరికి లోయ దిగువన మంచు కరిగినా గురేజ్ వంటి ఎగువ ప్రాంతాల్లో కరగదు. రాజ్‌దాన్ కనుమ మూసుకుపోతే గురేజ్‌కు నెలల తరబడి రోడ్డు ఉండదు. ఏకరూపత అన్న మాట ఢిల్లీలో ఎంత సహజంగా వినిపిస్తుందో గురేజ్‌లో అంత అసహజంగా వినిపిస్తుంది. 2024 అక్టోబరులో కొత్తగా ఏర్పడిన ప్రభుత్వం తొమ్మిదవ తరగతి వరకు నవంబరు సెషన్‌ను పునరుద్ధరించింది. పంచాంగం రెండేళ్లకే తన పాత దారికి మళ్లింది.

కాశ్మీరులో శీతకాలపు సెలవును ఇతర మూసివేతల నుంచి వేరుచేసి చూడక తప్పదు. 2016 జూలై తరువాత నాలుగు నెలలపాటు బడులు నడవలేదు. నవంబరులో బోర్డు పరీక్షలు తగ్గించిన పాఠ్యాంశాలతో జరిగాయి, కింది తరగతుల వారిని మూకుమ్మడిగా పై తరగతికి పంపారు. 2019 ఆగస్టు 5 తరువాత బడులు మళ్లీ మూతపడ్డాయి. కొద్ది రోజులకు తెరిచామన్నా తల్లిదండ్రులు పిల్లలను పంపలేదు. ఆ వెనుకే చలి సెలవులు వచ్చాయి. 2020 ఫిబ్రవరి 24న పిల్లలు తరగతి గదులకు తిరిగివచ్చారు. రెండు మూడు వారాలకే కరోనా వల్ల మళ్లీ మూత. ఈ మూడు మూసివేతల్లో పిల్లలు ముందుగా తెలుసుకొని సిద్ధపడినది చలి సెలవు ఒక్కటే. అధిక చలి వల్ల కాశ్మీరు పిల్లల చదువు చెడిపోయిందన్న మాట ఈ లెక్కల ముందు నిలవదు.

లోయను దాటితే పరిస్థితి ఇంకా కఠినం. లద్దాఖ్‌లోని జంస్కార్‌కు చలికాలంలో కనుమలు మూసుకుపోగా, గడ్డకట్టిన నది మీది ‘చాదర్’ బాటే దారిగా మిగిలేది. లేహ్ వసతి బడులకు వెళ్లే పిల్లలు తండ్రుల వెంట రోజుల తరబడి ఆ మంచుపలక మీద నడిచేవారు. ఇక్కడ చలి బడిని మూయడమే గాక, బడికి దారిని కూడా తానే ఇచ్చింది.

4. మైదానాలు: ఉత్తర్వుల చలి

గంగా మైదానంలో ఉష్ణోగ్రత కాశ్మీరు స్థాయికి ఎన్నడూ పడిపోదు. అయినా పొగమంచు రోజుల తరబడి సూర్యుణ్ని కప్పివేస్తే పగటి చలి భరించరానిదవుతుంది. తరగతి గదికి వేడి ఏర్పాటు ఉండదు, కిటికీకి తలుపు ఉండదు, పిల్లవాడి ఒంటిపై సరైన స్వెటరు ఉండదు. సైబీరియాలోని యకూత్స్క్‌లో చిన్న తరగతులకు మైనస్ 45 డిగ్రీల వద్ద బడి మూస్తారు. లక్నోలో సున్నాకు ఎంతో పైనే మూయవలసి వస్తుంది. తేడా ఉష్ణమాపకంలో లేదు, గోడల్లో ఉంది.

ఉత్తరప్రదేశ్, బిహార్ రాష్ట్రాల్లో ఈ మూసివేత చాలా వరకు జిల్లా మేజిస్ట్రేట్ల ఉత్తర్వులతో జరుగుతుంది. రెండు రోజులు, మూడు రోజులు, మళ్లీ పొడిగింపు. 2024 జనవరిలో బిహార్‌లో విద్యాశాఖ ఉన్నతాధికారి దీనిని బహిరంగంగా ప్రశ్నించారు. 144వ సెక్షన్ కింద ఇచ్చే ఉత్తర్వు బడులకు మాత్రమే వర్తించి, సినిమా హాళ్లకు, దుకాణాలకు వర్తించకపోవడమేమిటన్నది ఆయన అభ్యంతరం. ఆ ప్రశ్న కటువుగా ఉన్నా అసందర్భం కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు 200, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పని దినాలు నిర్దేశించింది. ముందుగా లెక్కలో లేని ప్రతి సెలవూ వీటి నుంచే తరుగుతుంది. దానితో పాటు పిల్లవాడి మధ్యాహ్న భోజనం కూడా ఆగుతుంది. ఇంటి దగ్గర వెచ్చని గది, వేడి అన్నం ఉన్న పిల్లవాడికి అది సెలవు. అవి లేని పిల్లవాడు చలిని బడిలో గాక ఇంట్లో అనుభవిస్తాడు.

5. తెలుగు నేల: మూయలేని బడి

శీతగాలుల నిర్ధారణకు భారత వాతావరణ శాఖ పాటించే ప్రమాణం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకు తక్కువ ఉండి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు పడిపోతే శీతగాలి. తీరప్రాంతానికి 15 డిగ్రీలే హద్దు. కొండప్రాంతానికి సున్నా. చలి సాపేక్షమన్న అంగీకారం ఈ నిర్వచనంలోనే ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో ఉత్తర తెలంగాణలోని ఆదిలాబాద్, కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలు, ఆంధ్రప్రదేశ్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం చలికి పేరుపొందినవి. చింతపల్లి మండలంలోని లంబసింగికి ‘కొర్రబయలు’ అన్న మరో పేరుంది. రాత్రి ఆరుబయట ఉన్న మనిషి తెల్లవారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడన్న భావం ఆ పేరులో ఉందని స్థానికులు చెబుతారు. నేడు అదే చలి పర్యాటకులకు వినోదం.

ఈ ప్రాంతాల్లో చలి తీవ్రమైనప్పుడు ఉదయపు బడివేళలను కొంత వెనక్కి జరపడం ఒక పరిష్కారంగా కనిపిస్తుంది. ఇంటి నుంచి వచ్చే పిల్లలకు అది ఉపయోగమే. గిరిజన పిల్లల్లో అధికభాగం చదివే ఆశ్రమ పాఠశాలల సంగతి వేరు. అక్కడ బడీ, ఇల్లూ ఒకటే. గంట ఎప్పుడు కొట్టినా తెల్లవారుజామున లేవాలి, తొట్టి నీళ్లతో స్నానం చేయాలి, సిమెంటు నేల మీదనో ఇనుప మంచం మీదనో నిద్రపోవాలి. ఇటువంటి బడికి చలి సెలవు ఇస్తే పిల్లవాడు వెళ్లేది అంతకంటే చలిగా ఉండే కొండ మీది ఇంటికి. కాబట్టి శ్రీనగర్‌లో పట్టిక చేసే పనిని, లక్నోలో ఉత్తర్వు చేసే పనిని, పాడేరులో ఒక రగ్గూ, ఒక వేడినీళ్ల బాయిలరూ చేయవలసి ఉంటుంది. అవి డిసెంబరు నాటికి చేరాలంటే కొనుగోలు కాగితాలు ఒంటిపూట బడుల కాలంలోనే కదలాలి.