బోరు: ఒక చిన్న మాట, మన ఊరి చరిత్ర

ఇంగ్లిషులో నాలుగక్షరాల మాట ‘బోర్’. మన మర్రిగూడలో బడి మొఖం చూడనివాళ్ల నోట కూడా రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. చేను కాడ బోరు, వాడకట్టులో బోరింగు, ఆఖరి పీరియడ్‌లో ‘బోరు కొడుతుంది’. ఒక్క మాట ఇన్ని చోట్లకు ఎట్లా వచ్చిందో చూద్దాం.

మొదటిది తొలిచే బోరు. పాత ఇంగ్లిషులో ‘బోరియన్’ అంటే రంధ్రం చేయడం, వడ్రంగి బరమాతో చేసే పని. అదే అర్థమున్న లాటిన్ మాట ‘ఫొరారే’ దీనికి చుట్టం. తుపాకి గొట్టం లోపలి బోలును, ఇంజన్ సిలిండర్ లోపలి వ్యాసాన్ని ‘బోర్’ అనడం దీని నుంచే వచ్చింది. పన్నెండు బోరు తుపాకి అంటే, దాని గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయని లెక్క.

రెండోది అల. సముద్రం పోటు నదిలోకి గోడలా ఎదురు నడిస్తే దాన్నీ ‘బోర్’ అంటారు. కలకత్తా దగ్గర హుగ్లీలో ఇది కనిపిస్తుంది. పాత నార్స్ భాషలో అలను ‘బారా’ అనేవారు. ఈ మాట అక్కడిదని చెబుతారు. తొలిచే బోరుతో దీనికి చుట్టరికం లేదు.

మూడోది విసుగు. ఈ అర్థం 1760లలో ఇంగ్లిషులో కనిపించింది. దీని పుట్టుక పండితులకే తేలలేదు. ‘బోర్‌డమ్’ అనే నామవాచకం 1852-53లో వచ్చిన డికెన్స్ నవల ‘బ్లీక్ హౌస్’తో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. మనవాళ్లు ఈ రెంటినీ క్రియతో విడదీశారు: నీళ్ల కోసమైతే బోరు ‘వేస్తాం’, విసుగొస్తే బోరు ‘కొడుతుంది’. ఇక బోరున ఏడ్వడం, బోర్లా పడటం అచ్చంగా మన తెలుగువే. ఇంగ్లిషుకు ఏ బాకీ లేదు.

మన నేలకు ఈ మాట యంత్రంతో పాటు వచ్చింది. 1960ల చివరి కరువు రోజుల్లో యునిసెఫ్ గాలి ఒత్తిడితో రాతిని కొట్టే రిగ్గులను దేశానికి తెచ్చింది. 1970లలో ‘ఇండియా మార్క్ 2’ చేతిపంపు తయారైంది. తొలిచే పని పేరే పంపుకు అంటుకొని, చేతిపంపు మనకు ‘బోరింగు’ అయింది. ఆ తర్వాత చేలల్లోకి బోరుబండి వచ్చింది. కొబ్బరికాయతో పాయింటు చూసుడు, కేసింగు దించుడు, ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డయో అడుగుడు, ఎత్తిపోతే ఇంకోటి వేసుడు మన రైతు బతుకులో భాగమైనయి.

కానీ ఆ నీళ్లలో ఏముందో చాలామందికి తెలియలేదు. మన కింద ఉన్నది గ్రానైటు. దాని పగుళ్లలో ఏండ్ల తరబడి నిలిచిన నీటిలోకి రాతిలోని ఫ్లోరైడు కరుగుతుంది. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఫ్లోరోసిస్ మన దేశంలో ఉందని 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించారు. 1955లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో డాక్టర్ సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించే వ్యాసం ప్రచురించారు. అంటే బోరుబండి మన చేలకు రాకముందే హెచ్చరిక అచ్చయింది. అయినా బోరింగుల నీళ్లు తాగక తప్పలేదు. మన తరగతి గదుల్లో గోధుమరంగు చారల పళ్లు, వంగిన కాళ్లు ఎవరికీ వింత కాలేదు.

పటిక, సున్నం, బ్లీచింగు పొడితో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ రూపొందించింది. ప్రపంచం దాన్ని ‘నల్గొండ టెక్నిక్’ అంటుంది. మన జిల్లా పేరు పుస్తకాలకెక్కింది ఇట్లా! 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. జలసాధన సమితి ఎంచుకున్న నిరసన అది. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. ఫ్లోరైడు గోడు అప్పుడు దేశమంతా విన్నది. మన మండలం శివన్నగూడెం వాసి అంశల స్వామి ఈ గోడుకు ముఖమై, 2023 జనవరిలో కన్నుమూశాడు.

ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలు ఉన్నాయి. కృష్ణా నీళ్లు అందుతున్న ఊళ్లలో పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయంటే అది చిన్న సంగతి కాదు. అయితే ఒక రోజు నల్లా రాకపోతే మళ్లీ బోరు దగ్గరికే పోతాం. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, మరిగించినా పోదు. కాబట్టి పూర్వ విద్యార్థులకు ఇంజనీరుగా నా విన్నపం ఒకటే. ఎవరి ఊళ్లో వాళ్లు తాగేనీటికి వాడే ప్రతి బోరునూ పరీక్ష చేయించి, వచ్చిన అంకెను దాని పక్కనే అందరికీ కనబడేలా రాయించండి. ‘బోరు’ మాటకు నిఘంటువులో ఎన్ని అర్థాలున్నా, మన పిల్లలకు ముందుగా తెలియాల్సింది ఆ అంకె.