సుద్దముక్క ఎక్కిన గూడ్సు

ఆ కట్టె కాస్త లోపలికి తొయ్యరా అబ్బాయ్, పొగంతా నా మీదికే వస్తోంది. ఫోనులో నువ్వు చూపించిన రంగు రాతల అమెరికా గూడ్సు పెట్టెలు బాగానే ఉన్నాయి. అంతమాత్రాన పెట్టె మీద రాయడం వాళ్ళే కనిపెట్టారనకు. మన గణపవరానికి రైలు లేదు గానీ, మిల్లు గుమాస్తాగా నేను గూడ్సు పెట్టెల దగ్గర ఉన్నంతసేపు ఇంట్లో లేనని మీ నాయనమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

మన బియ్యం తాడేపల్లిగూడెంలో బండెక్కేది. బొండాలు బియ్యమైతే కేరళకే. నాలుగు చక్రాల ఇనప పెట్టెలవి, ఒక్కోదానికి క్వింటా బస్తాలు 200 పైన పట్టేవి. హమాలీల జట్టు మేస్త్రి తలుపు పక్కన సుద్దతో గీతలు గీసేవాడు, నాలుగు నిలువు, అయిదోది అడ్డం. లెక్క తేలాక తలుపేసి, తీగ చుట్టి సీసం సీలు నొక్కేవారు. గీతలు ఎవరు చెరుపుతారు? అలాగే కేరళ పోయేవి. తిరిగొచ్చిన పెట్టెల మీద మలయాళం రాతలుండేవి. ఒక్క ముక్క తెలిసేది కాదు. గీతలు మాత్రం అచ్చం మనవే, నాలుగూ ఒకటీ.

రైల్వేవాళ్ళ రాత వేరు. పెట్టె నంబరు, ఖాళీ బరువు, మళ్ళీ మరమ్మతుకి ఎప్పుడు రావాలో ఆ తేదీ, అన్నీ తెల్లరంగుతో వేసేవారు. వాటన్నిటి మీదా పెత్తనం పెట్టెలు తనిఖీ చేసే టీఎక్స్ఆర్ గారి సుద్దదే. సుత్తితో చక్రాలు తట్టుకుంటూ వచ్చి, అనుమానం తగిలితే 'సిక్' అని రాసేవాడు. ఇక నిండా బియ్యం ఉన్నా ఆ పెట్టె కదలదు. మా ఓనరుగారు బతిమాలినా కదలదు.

అప్పట్లో ఇరుసు డబ్బాల్లో నూనెలో తడిపిన నూలు పీచు కుక్కేవారు. నూనె తగ్గినా, పీచు ఎవడైనా లాక్కుపోయినా ఇరుసు కాలి పొగలొచ్చేవి. 'హాట్ యాక్సిల్' అనేవారు. బండి ఆపి, చేబ్రోలో పూళ్ళో ఏ స్టేషను దగ్గరైతే అక్కడ ఆ ఒక్క పెట్టెనీ విడదీసి సైడింగులో పడేసిపోయేవారు. బాగుచేసేవాళ్ళు వచ్చేదాకా దానికి దిక్కు లేదు. కింద మేకలు పడుకునేవి, కుర్రాళ్ళకి పలక దొరికేది. ఎన్టీఆర్ అని ఒకడు రాస్తే, కొట్టేసి ఏఎన్నార్ అని ఇంకొకడు. ఎన్నికలొస్తే కాడెద్దులూ, కంకీ కొడవలీ. అమ్మాయి పేరైతే మొదటి అక్షరమే, అదీ స్టేషను మాస్టారికి కనపడని వైపు. ఆ అక్షరం ఎవరిదో ఊరంతటికీ తెలుసులే.

1966 అక్టోబరు సంగతి చెప్పాలి. 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. 15న విశాఖలో అమృతరావు గారు ఉక్కు ఫ్యాక్టరీ కోసం నిరాహార దీక్షకి కూర్చున్నారు. పెట్టెల మీద పాత సదరన్ రైల్వే అక్షరాలు ఇంకా పోనేలేదు, వాటి పక్కనే బొగ్గుతో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు'. గోడ మీద రాస్తే మనూరోళ్ళే చదువుతారు. పెట్టె మీద రాస్తే మద్రాసు పోతుందో, హౌరా పోతుందో! రాసినోడు తాడేపల్లిగూడెం దాటి ఎరగడు. 1974 మేలో రైల్వే సమ్మె, ఇరవై రోజులు. ఆగిన బండి ఆగినచోటే. అప్పుడు రాతకి కొదవ లేదు గానీ, మోసుకుపోయే బండే లేదు.

నీ అమెరికాలోనూ మొదట సుద్దేనట. టెక్సాస్‌లో ఓ రైలు ఉద్యోగి పెద్ద టోపీ మనిషి బొమ్మ గీసి, కింద 'బోజో టెక్సినో' అని రాసేవాడట. పనివాడి చేతిలో సుద్ద ఉంటే ఎక్కడైనా ఇంతే. రంగు డబ్బాలు తర్వాత వచ్చాయి. నన్నడిగితే ఆ రంగు కాస్త ఎక్కువే, ఒక్కోసారి పెట్టె నంబరు కూడా కనపడనివ్వరు.

రోలర్ బేరింగులొచ్చి ఇరుసులు కాలడం తగ్గింది. ఇప్పుడు రేక్ మొత్తం, అంటే బండికున్న పెట్టెలన్నీ, ఒకచోట నింపి ఒకచోట దింపేస్తున్నారు, చిన్న స్టేషన్లో ఒంటి పెట్టె నిలబడటం అరుదే.

నువ్వు మాత్రం ఈ కథ విని రంగు డబ్బా పట్టుకుని పట్టాలెక్కకు. 1989 రైల్వే చట్టం 166వ సెక్షను ప్రకారం బండి మీదున్న అక్షరం చెరిపినా, మార్చినా నెల దాకా జైలు, 500 దాకా జరిమానా, లేదంటే రెండూ.